సింహం బొమ్మ బూట్లు

"వెనక నిలబడప్పా! ముందొచ్చింది నేను."

ఈరక్క కసురుకునేసరికి ఆ సన్నటి మనిషి నవ్వి వెనక్కి జరిగాడు.

కర్నూలుకు రాజధాని వచ్చి ఏడాది నిండిన పండగ. రాజధాని వచ్చిన రోజు పెట్టినట్టే ఈసారీ సాయంత్రం తుంగభద్ర గట్టు నుంచి కొండారెడ్డి బురుజు దాకా పరుగు పందెం. అంగళ్ళన్నీ మూసేశారు. బోర్డులు రాసే కేశవయ్య ఒక్కడే అరుగు మీద రంగు డబ్బాలు పరుచుకుని కూర్చున్నాడు.

ఈరక్క ఆయన ముందు గుడ్డ బూట్ల జత పెట్టింది. ఉత్తకాళ్ళతో పరిగెత్తకూడదని ఈసారి కొత్త నియమం పెట్టారు మరి. ఉన్న ఒక్క మేకనూ అమ్మి తమ్ముడికి ఈ బూట్లు కొన్నది.

"వీటి మీద సింహం బొమ్మ ఎయ్యల్లయ్యా. మావోడు సింహం మాదిరి ఉరకల్ల."

"బూట్ల మీద బొమ్మలు ఎవురన్నా ఏపిచ్చుకుంటారామ్మా?"

"నేను ఏపిచ్చుకుంటాండా గదా! ఈసారి గెలిచినోనికి ఆఫీసులో బంట్రోతు పనంట. గెలవకుంటే మావోడు రాతిగనికి పోవల్ల. మా నాయన్ను ఆ గనే మింగింది. వీణ్ణి మాత్రం పోనియ్యను."

వెనకున్న మనిషి నవ్వు ఆగిపోయింది.

ఈరక్క పట్టుబట్టిందంటే దేవుడు దిగొచ్చినా వదలదు. కేశవయ్య కుంచె తీశాడు. ఆమె తమ్ముణ్ణి పిలుచుకురావడానికి పోయింది.

తిరిగొచ్చేసరికి ఎండకు రంగు కూడా ఆరిపోయింది. రెండు బూట్ల మీదా రెండు సింహాలు, జూలు విదిల్చి నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఈరక్క మురిసిపోయింది.

తమ్ముడు మారెన్న ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. దగ్గరగా చూశాడు. గభాలున కళ్ళకద్దుకుని కింద పెట్టేశాడు.

"అక్కా, ఇది ఉత్త సింహం గాదు. నొసట నామాలుండాయి చూడు. నరసింహస్వామి!"

కేశవయ్య నాలుక కరుచుకున్నాడు. ఏళ్ళ తరబడి గుడి బోర్డులకూ బండి పలకలకూ ఆ మొహమే వేసి వేసి, చెయ్యి దానంతటదే నామాలు పెట్టేసింది.

"పైన రంగు పూసెయ్యయ్యా!" అంది ఈరక్క.

"స్వామి మొగానికి రంగు పూసేదా? నా చెయ్యి పడిపోదా తల్లీ?"

"పోనీ, అట్లే తొడుక్కోరా!"

"చంపినా తొడుక్కోనక్కా. దేవుని మొగంలో కాలు పెట్టి గెలవల్లనా?"

గట్టు మీద డప్పు మోగింది. పందెగాళ్ళను పిలుస్తున్నారు. అంతసేపూ బింకంగా ఉన్న ఈరక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సన్నటి మనిషి ముందుకొచ్చాడు. కాళ్ళకున్న గుడ్డ బూట్లు విప్పాడు.

"ఇవి తొడుక్కోప్పా. మన కాళ్ళు ఒకే మాదిరుండాయి. ఆ సామి బూట్లు నాకియ్యి."

"మరి నీకొద్దా?" అన్నాడు మారెన్న.

"నేను ఊరికే సూడ్డానికొచ్చినోణ్ణి లేప్పా."

ఊరికే తిరిగేటోనికి బూట్లెందుకులే అనుకుంది ఈరక్క. పేరడగలేదు, ఒక మంచి మాటా అనలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని గట్టు వైపు లాక్కుపోయింది.

మారెన్న నిజంగానే సింహం మాదిరి ఉరికాడు. బురుజు కాడ కట్టిన దారం తెంపుకుని కింద పడ్డాడు. ముందే బురుజు కాడికి చేరిన ఈరక్క వాణ్ణి వాటేసుకుని భోరున ఏడ్చింది. ఇక రాతిగని లేదు.

పెద్దాయనొకడు రేకు బాకా నోటికి పెట్టుకున్నాడు.

"మారెన్న గెలిచినాడు! బంట్రోతు పని ఈయప్పదే! కప్పు మాత్రం పోయినేడు గెలిచినోని చేత్తో ఇప్పిస్తాము. పాపం, ఆ పని కోసం ఆయప్ప ఈసారీ పేరిచ్చినాడు. కాళ్ళకు బూట్లు లేవని గీత కాడ్నే ఆపేస్తిమి. కోయిలకుంట్ల కంబన్న యాడుండాడో రావల్ల!"

ఎవరో పాపం, శానా మంచోడేమో అనుకుంటూ ఈరక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని అటు చూసింది.

జనం పక్కకు తప్పుకున్నారు. నెత్తిన తుండుగుడ్డ, ఆ తుండుగుడ్డ మీద సింహం బొమ్మ బూట్లు పెట్టుకుని, ఉత్తకాళ్ళతో ఆ సన్నటి మనిషి నవ్వుతూ నడిచొచ్చాడు.