చల్లనయ్య ఇంట్లో వేడిగాలి

"అమ్మా, మన ఏసీ పోయింది! వేడిగాలి కొడుతోంది!"

కూతురి కేకకి వంటింట్లో ఇల్లాలి చేతిలోని గరిటె ఆగిపోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఊళ్ళో అందరి ఏసీలూ బాగుచేసి 'చల్లనయ్య' అని పేరు తెచ్చుకున్న మనిషి ఇంట్లోనే ఇలా కావాలా!

ఆ చల్లనయ్య హాల్లో కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. నాలుగు నెలల కిందట పనిచేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు అతుక్కుంది. "ఎముక గట్టిపడిందమ్మా. ఇక లేవాల్సింది ఆయనే," అన్నాడు డాక్టరు. ఆయన మాత్రం లేవలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టి లేపితే తప్ప కుర్చీ వదలడు. ఏమడిగినా బెల్లంకొట్టిన రాయి. మరీ విసిగిస్తే ఒక "ఊ". అంతే.

"వేరే మెకానిక్కుని పిలుద్దామే," అంది ఇల్లాలు గొంతు తగ్గించి.

"మనింటికి వేరే మెకానిక్కా? నలుగురూ నవ్విపోతారు. నేనే చేస్తా," అంటూ కూతురు తండ్రి పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుంది.

"నీ మొహం! స్క్రూలు అందించడం తప్ప నీకేం వచ్చే?"

"రాకపోతే నాన్న చెప్తారు. నాన్నా, బాల్కనీలో ఉన్న ఏసీ పెట్టెలో ఫ్యాను తిరగట్లేదు. మూలుగుతోంది. ఏం చెయ్యను?"

మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగాక, గోడ మీంచి చూపు తిప్పకుండానే ఆయన పెదవులు కదిలాయి.

"మెయిన్ ఆపు. చేత్తో తిప్పి చూడు."

ఇల్లాలు తన చెవుల్ని తాను నమ్మలేకపోయింది. నెలరోజుల్లో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా అనలేదు.

కూతురు మెయిన్ స్విచ్చు దించి బాల్కనీలోకి పరుగెత్తింది. "బిగుసుకుపోయింది నాన్నా! అంగుళం కదలట్లేదు!"

"మోటారు పోయింది. అలమారాలో కొత్తది ఉంది. మోటారు మారిస్తే కెపాసిటర్ కూడా మార్చాలి. అంకె చూసి తియ్యండి, పాతదానితో కలవాలి."

ఇల్లాలు అలమారా దగ్గరికి ఒక్క ఉరుకున వెళ్ళి రెండూ తెచ్చింది. బాల్కనీలో స్క్రూలు ఊడుతున్నాయి, మూత పక్కకి వచ్చింది.

"కెపాసిటర్ వైర్లు పీకేస్తున్నా నాన్నా!"

"ఆగు! ముట్టుకోకు!"

ఇల్లాలు తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. చల్లనయ్య గోడ పట్టుకుని, తూలుతూ, బాల్కనీ గుమ్మం చేరుకున్నాడు.

"కరెంటు తీసేశాగా నాన్నా..."

"తీస్తే? అది కడుపులో దాచుకుంటుందే పిచ్చిదానా! ఇలా ఇవ్వు."

స్క్రూడ్రైవరు లాక్కుని, ప్లాస్టిక్ పిడి పట్టుకుని కెపాసిటర్ మొనలకి ఆనించాడు. చిటుక్కుమని రవ్వ ఎగిరింది. "ఇప్పుడు ముట్టుకో."

కూతురు చకచకా పాత మోటారు ఊడదీసి తల్లి చేతిలో పెట్టింది. "అవతల పెట్టమ్మా, అడ్డం!" కొత్తది బిగించి, తీగలు తగిలించడం మొదలెట్టింది.

"ఆ గోధుమరంగు తీగ ఎక్కడ పెట్టావ్?"

"ఇదిగో, కంప్రెసర్ పక్కన."

"ఓరి దేవుడా! అప్పగింతలు చేసి పెళ్ళికూతుర్ని పక్కింట్లో దింపినట్టుంది! ఫ్యాన్ అని రాసి ఉందిగా, అక్కడ పెట్టు!"

ఇల్లాలు పక్కున నవ్వింది. ఆయన హాస్యమాడి ఎన్నాళ్ళయింది!

మెయిన్ ఎత్తారు. ఫ్యాను గిర్రున తిరిగింది, కానీ వెనక్కి! "ఆపండాపండి!" అని అరిచి, ఆయనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మళ్ళీ రవ్వ చిమ్మించి, మోటారు తీగలు రెండు తనే అటుదిటు చేశాడు.

ఈసారి వేడిగాలి బుస్సుమని బయటికి తన్నింది. చల్లనయ్య ఎవరి చెయ్యీ అందుకోకుండా లేచాడు. హాలు దాటి గదిలోకి నడిచి, ఏసీ కింద నిలబడి మొహం పైకెత్తాడు.

"చల్లగా ఉందే!" అని కేక పెట్టాడు. "ఆ దర్జీ వాళ్ళ ఏసీ చూడమని ఎన్నిసార్లు ఫోన్ చేశాడు? రేపొస్తున్నామని చెప్పు. నిచ్చెన నువ్వెక్కు, కింద నేనుంటా!"

"అలాగే నాన్నా!"

ఇల్లాలికి ఒకపక్క నవ్వు, ఒకపక్క ఏడుపు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కాళ్ళకడ్డంగా ఉన్న పాత మోటారు ఎత్తింది.

"దీన్ని చెత్తలో పారేస్తానే."

కూతురు గదివైపు ఓసారి చూసి, తల్లి చెవి దగ్గరికి వంగింది.

"వద్దమ్మా, పొద్దున దాని తీగ పీకింది నేనే. దానికేం కాలేదు."