తొమ్మిది కొట్టేదాకా

"తాళం తీస్తున్నావా, దానికి జోల పాడుతున్నావా?" అన్నాడు కోర్టు అమీనా బెర్తియే, మూడో అంతస్తు మెట్ల దగ్గర వాచీ చూసుకుంటూ.

గాస్పార్ మోకాళ్ల మీద కూర్చుని తాళం కంతలో సన్నటి ఊచ తిప్పుతున్నాడు. "పాత తాళం సార్. తొందరపెడితే మొండికేస్తుంది."

"ఎనిమిదింబావు అయింది. రాత్రి తొమ్మిది దాటితే ఇల్లు ఖాళీ చేయించే అధికారం నాకు లేదు. రేపు నవంబరు ఒకటి. ఇక చలికాలమంతా ఎవర్నీ వీధిలోకి నెట్టకూడదట. మళ్లీ ఏప్రిల్ దాకా ఆగాలి. ఇవన్నీ నీకేం తెలుస్తాయిలే!"

గాస్పార్‌కి తెలుసు. పగలంతా లీల్ నగరంలో తాళాలు తీసి, సాయంత్రం ఏడింటికి లా తరగతిలో ఆఖరి వరసలో కూర్చుంటాడు. నలభై ఆరేళ్ల వయసులో చదువు! పాఠం మొదలైన పావుగంటకల్లా కునుకు ముంచుకొస్తుంది. ఈ చలికాలపు చట్టం పాఠం చెప్పిన రోజున ఏకంగా గురకే పెట్టాడు. లేచి చూస్తే తన నోట్సులో పేజీ నిండా గుండ్రటి అక్షరాలు. పక్క కుర్చీలో కూర్చునే ఒదీల్ రాసి పెట్టింది. ఆ పేజీ ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. చట్టం కోసం కాదు, ఆ అక్షరాల కోసం.

మూడు వారాలుగా ఒదీల్ రావడం లేదు. ఎవరూ కూర్చోకుండా ఆ కుర్చీ మీద రోజూ తన కోటు వేస్తున్నాడు. ఈపాటికి వచ్చి కూర్చుందేమో! ఈ తాళం నిజానికి రెండు నిమిషాల పని. తీసి పరిగెడితే చివరి అరగంటైనా దొరుకుతుంది. అతని ప్రాణమంతా అక్కడే ఉంది.

"లోపల ఎవరూ లేరు, కానియ్," అన్నాడు బెర్తియే.

అప్పుడే తలుపు కింద సన్నటి వెలుతురు గీత ఆరిపోయింది. కుర్చీ కిర్రుమని, మళ్లీ నిశ్శబ్దం. ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. గాస్పార్ ఒక్కడే విన్నాడు. తలెత్తి తలుపు గంట మీద ఇంటిపేరు చూశాడు. ఎవరో మేడమ్ ఫూర్నియే అట. తనకేమీ కాని మనిషి.

ఊచ చేతిలో పుటుక్కున విరిగింది.

"విరిగిపోయింది సార్."

"డ్రిల్లు తియ్!"

"బ్యాటరీ అయిపోయింది సార్."

"ఇందాక కింద వీధిలో బాగానే తిరిగిందిగా?"

"అందుకే అయిపోయింది సార్."

బెర్తియే వెంట వచ్చిన పోలీసు మొహం పక్కకి తిప్పుకుని మీసంలో నవ్వుకున్నాడు. బెర్తియే తిట్టాడు, బతిమాలాడు, తానే భుజంతో తలుపుని గుద్ది భుజం పట్టుకుని కూర్చున్నాడు. గాస్పార్ సంచిలోంచి ఒక్కో పనిముట్టూ తీసి, చూసి, మళ్లీ సంచిలో పెట్టాడు. ఒక్కో నిమిషం గడుస్తుంటే అతని తరగతి కూడా కరిగిపోతోంది.

చర్చి గంట తొమ్మిది కొట్టింది.

"రేపట్నుంచి నా గుమ్మం తొక్కకు!" అని బెర్తియే దబదబా మెట్లు దిగిపోయాడు. పోలీసు టోపీ కాస్త పైకెత్తి అతని వెనకే వెళ్లాడు.

గాస్పార్ సంచి సర్దుకున్నాడు. తరగతి అయిపోయి ఉంటుంది. ఒకవేళ ఈరోజు వచ్చి ఉంటే, తన కుర్చీ ఖాళీగా చూసి ఒదీల్ ఏమనుకుందో! వెళ్లబోయి, ఆగి, తలుపు మీద మెల్లగా తట్టాడు.

"మేడమ్, వాళ్లు వెళ్లిపోయారు. మార్చి ఆఖరు దాకా మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు. ఇది నేను చెప్పే ధైర్యం కాదు, చట్టం. నా నోట్సులో ఉంది."

లోపల్నుంచి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు వినిపించింది.

"తెలుసు గాస్పార్ గారూ. ఆ రోజు మీరు గురకపెడుతుంటే మీ నోట్సులో అది రాసింది నేనేగా!"