అక్క తిడుతోంది

"ల్యాబులో చేరడానికేనా?"

మెట్లకు అడ్డంగా కూర్చున్న ఆవిడ అడిగింది. పలకరింపులా లేదు, దెబ్బలాటలా ఉంది.

కుర్రాడు అవునన్నాడు. పైన ప్రొఫెసర్ ఎదురుచూస్తున్నాడు. ఆయన ల్యాబులో చోటు దొరకడమంటే మాటలా!

"లోపలున్నవాళ్లతో మాట్లాడావా?"

"మాట్లాడాను. అంతా బాగుందన్నారు."

"సారు పక్కనే ఉన్నాడుగా?"

ఉన్నాడు. కుర్రాడు ఆవిణ్ణి తప్పించుకుని మెట్లెక్కబోయాడు.

"ఉన్నవాళ్లు ఏం చెప్తారయ్యా! మానేసి పోయినవాళ్లని అడుగు. ఎందుకు పోయారో అడుగు. పని ఎవరు చేశారో, పేపరు మీద పేరు ఎవరిది పడిందో అడుగు. అప్పుడు చేరు."

"మీకు సీటు రాలేదా ఏంటి?"

"నోర్ముయ్! నీ మంచికి చెప్తుంటే..."

కుర్రాడికి ఒళ్లు మండింది. వాచ్‌మన్‌ని పిలిచాడు. అతను తటపటాయిస్తే, "సారుకి చెప్పమంటావా?" అని గద్దించాడు. ఆవిణ్ణి గేటు దాటించేదాకా నిలబడి చూశాడు.

చేరాడు.

ల్యాబు మధ్యలో ఒక పెద్ద యంత్రం. దాన్ని అందరూ అక్క అంటారు. మూత సరిగ్గా పెట్టకపోతే చాలు, కీచుమని అరుస్తుంది. "అక్క తిడుతోందిరా, చూసుకో!" అని నవ్వుకుంటారు. అదీ సారు లేనప్పుడే.

ఏడాది తిరిగింది. తిండీ నిద్రా మాని కుర్రాడు సాధించిన ఫలితం అచ్చయింది. అందులో సారు పేరుంది, సారు మేనల్లుడి పేరుంది. తన పేరు లేదు.

"ఇష్టం లేకపోతే పో. నీలాంటివాళ్లు క్యూలో ఉన్నారు," అన్నాడు ప్రొఫెసర్.

కుర్రాడు రగిలిపోతూ వచ్చి యంత్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. అది కీచుమంది.

సీనియర్ ఉరికొచ్చి చొక్కా పట్టుకున్నాడు. "అక్కని తన్నుతావురా?"

"అక్కేంటి అక్క! ఇనప ముక్క!"

"దీన్ని తయారుచేసినావిడ మాకు సీనియరు. ఇలాగే తిట్టి తిట్టి పని నేర్పింది. పేపర్లో నా పేరేదని అడిగినందుకు సారు వెళ్లగొట్టాడు. అందుకే దీన్ని అక్క అని పిలుచుకుంటున్నాం."

"ఇదంతా నాకు ముందే చెప్పొచ్చుగా!" కుర్రాడు అరిచాడు. "ఒక్కళ్లకైనా నోరు రాలేదా?"

"మాకు ధైర్యం లేదురా, అక్కకుంది." సీనియర్ గొంతులోనూ కోపమే. "కొత్తవాళ్లు చేరే రోజున ఏటా వచ్చి మెట్ల మీద కూర్చునేది. కిందటేడు ఎవడో పొగరుబోతు వెధవ వాచ్‌మన్‌తో గెంటించాడట, ఈ ఏడు ఇక రాలేదు."