విడిపోయే హక్కు

శివరామరాజు పడక్కుర్చీని కూతురి గది ముందుకు లాక్కుని కూర్చున్నాడు. తలుపు మూసే ఉంది. నాగవల్లి డిబేట్ పోటీలకు తయారయ్యే పద్ధతి ఎనిమిదో తరగతి నుంచీ ఇదే. నాన్న మొహం చూస్తే నవ్వొస్తుందని ఆమె లోపల నుంచి మాట్లాడుతుంది. ఆయన బయట కూర్చుని ఎదురు వాదిస్తాడు. హాల్లో బీరువా నిండా ఉన్న కప్పులన్నీ అలా వచ్చినవే.

ఈసారి అంశం ఆమే ఎంచుకుంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలకు విడిపోయే హక్కు ఉందా, లేదా? పందెం కూడా ఆమే పెట్టింది. తను గెలిస్తే రేపు పొద్దున్న పదింటికల్లా రాజమండ్రిలో ఉండాలి. ముందు గెలిచి చూపించమన్నాడాయన.

అంశం వినగానే రాజుగారికి ప్రాణం లేచొచ్చింది. రొయ్యల చెరువుల్లో పడి మరిచిపోయాడు గానీ, భీమవరం కాలేజీలో ఆయన చదివింది చరిత్రే. మాటల్లో ఆయన్ని నిలవేసిన మనిషి ఆ ఊళ్ళో లేడు, ఒక్క కూతురు తప్ప.

సాయంత్రానికి బాగా మబ్బు పట్టింది. కరెంటు పోయి చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు ఆగిపోయింది. గేటు దగ్గర కొడుకు వంశీ, అతని స్నేహితులిద్దరూ రోడ్డు మీదే కళ్ళు పెట్టి కూర్చుని ఉన్నారు.

భార్య వరలక్ష్మమ్మ కంచం పట్టుకుని వచ్చింది. "పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదండి" అంది గొంతు తగ్గించి. ఆయన తల అడ్డంగా ఊపేసరికి కంచంతోనే వెనక్కి వెళ్ళిపోయింది. పంతం పట్టిన రోజు నాగవల్లి తినదని ఆయనకు తెలుసు.

"ఇష్టపడి కలిసినవాళ్ళు ఇష్టం లేనప్పుడు వెళ్ళకూడదా, నాన్నగారూ?" లోపలి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎందుకు వెళ్ళారో చూడాలి కదమ్మా. మనుషుల్ని బానిసలుగా ఉంచుకోడానికి వెళ్ళారు. యుద్ధానికి అసలు కారణం అదే. అది హక్కెలా అవుద్ది?"

లోపల చాలాసేపు చప్పుడు లేదు. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"సరేనండి. రాష్ట్రాల విషయంలో నేను ఓడిపోయాను. మరి ఆ బానిసలే వెళ్ళిపోతామంటే? ఆపే హక్కు ఎవరికైనా ఉందాండి?"

"ఎవరికుంటుంది? ఆపినవాడు అసలు మనిషే కాదు."

అనేశాక గానీ తను ఎక్కడ చిక్కుకున్నాడో ఆయనకు తెలియలేదు.

"అయితే నేను గెలిచినట్టేనా, నాన్నగారూ?"

శివరామరాజు కళ్ళు చెమర్చాయి. ఇంత తెలివి తన బిడ్డదని ఆయనకు నిజంగానే గర్వంగా ఉంది.

"గెలిచావు తల్లీ" అన్నాడు.

"పొద్దున్న పదింటికండి. మర్చిపోకండి."

ఆయన మెల్లగా లేచి, గది గొళ్ళేనికి పొద్దున్న తను వేసిన తాళాన్ని ఓసారి లాగి చూసుకుని, రాజమండ్రి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద పెళ్ళిదండలతో ఆ ఆరోన్ అనేవాడు రేపు ఎంతసేపని ఎదురుచూస్తాడులే అనుకుంటూ భోజనానికి వెళ్ళాడు.