చూపించవచ్చును

“‘చూపించవచ్చును’ అంటే ఏంటి సార్? ఇంతకీ పాపని నాకు చూపిస్తుందా, చూపించదా?” వెల్డరు మూడోసారి అడిగాడు.

కోర్టు అనువాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మహా ఓపికగల మనిషి. “ఆవిడ ఇష్టం బాబూ. చూపించాలనిపిస్తే చూపిస్తుంది.”

విడాకుల తీర్పు కోర్టువారి భాషలో ఉంది. వెల్డరుకి అందులో ఒక్క ముక్క రాదు. అనువాదకుడు దాన్ని తెలుగు చేసి చదివి వినిపించాలి. విన్నవాడు సరేనని సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఇద్దరి మధ్యా చెల్లేది ఆ అనువాదమే. అక్కడి పద్ధతి అది.

కేసు నడిచిన రెండేళ్ళూ వెల్డరు కూతురి మొహం చూడలేదు. తేలేదాకా ఆగమన్నారు, పళ్ళబిగువున ఆగాడు.

“తీర్పు చెప్పిన రోజు మా లాయరు భుజం తట్టాడు సార్. ప్రతి ఆదివారం పాప నీ దగ్గరే అన్నాడు.”

“వాళ్ళకేం, ఎన్నైనా అంటారు.”

“మరి పైన చూడండి. పాప చదువు ఖర్చు తండ్రి భరించవలెను అని ఉంది. నాకేమో ‘వలెను’, ఆవిడకేమో ‘వచ్చును’నా? ఇదెక్కడి న్యాయం?”

“తల్లి కదా. చట్టం అటే మొగ్గుతుంది.”

“ఆ ఒక్క మాటా మార్చండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

అనువాదకుడు నొచ్చుకున్నాడు. “తప్పు బాబూ! ఉన్నది ఉన్నట్టు రాయడమే నా పని. ఒక్క అక్షరం అటూ ఇటూ చేసినా నా ఉద్యోగం ఊడుతుంది.” తర్వాత గొంతు తగ్గించాడు. “నా మాట విని సంతకం పెట్టు. మంచిగా ఉంటే ఎప్పటికైనా ఆవిడ మనసు కరుగుతుంది. మొండికేశావంటే ఆ ‘వచ్చును’ కూడా దక్కదు.”

వెల్డరు బెదిరిపోయాడు. ‘చదివి వినిపించగా విని సమ్మతించితిని’ అన్నచోట సంతకం పెట్టాడు. బంట్రోతు వచ్చి కాగితాన్ని ముద్ర వేయించడానికి పట్టుకుపోయాడు. విసుక్కోకుండా ఇంతసేపు కూర్చోబెట్టి చెప్పినందుకు వెల్డరు అనువాదకుడికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఐదేళ్ళ పిల్ల ఒకతి లోపలికి దూసుకొచ్చింది. అచ్చం వెల్డరు తల్లి ముక్కే. వెల్డరుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాచాడు.

పిల్ల ఈ కొత్తాయనెవరా అన్నట్టు చూసింది. పక్కకి తప్పుకుని వెళ్ళి అనువాదకుడి ఒళ్ళోకి ఎక్కింది.

“నాన్నా, అమ్మ కింద కార్లో ఉంది. ‘వలెను’ తీసేశావో లేదో అడిగి రమ్మంది.”