రికార్డులో ఊపిరి

సౌండ్ ఇంజనీరు ఫెర్రాన్ మీట నొక్కాడు. గిటారు ఆగలేదు. దాని వెనుక వినబడుతున్న ఊపిరి మాత్రం ఆగిపోయింది.

"విన్నారా, దోన్యా ఎంకార్నా? అద్దం తుడిచినట్టు లేదూ!"

"మళ్ళీ పెట్టు," అన్నదామె.

"ఏది?"

"తుడవనిది."

బయట బార్సిలోనా తడుస్తోంది. స్టూడియో గోడలు వాన చప్పుడును లోపలికి రానివ్వడం లేదు. ఎంకార్నా చేతులు ఒడిలో వదిలేసి కూర్చున్నది. ముఖంలో సంతోషం లేదు, దుఃఖం లేదు. చాలా ఏళ్ళుగా అంతే.

తన తరంలో ఒంటరిగా వేదికెక్కి గిటారు వాయించిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమె తొలి రికార్డును కంపెనీ శుభ్రం చేయించి మళ్ళీ విడుదల చేస్తోంది. ఆమె సరే అంటే చాలు. కానీ ఆ మాటే రావడం లేదు. ఇంట్లో ఉన్న రికార్డు అరిగి అరిగి, అందులో ఊపిరి వినబడటం ఎప్పుడో మానేసింది. ఇక్కడి టేపులో మాత్రం బతికే ఉంది.

"ఈ రికార్డు విన్న రోజే మా నాన్న గోళ్ళు కత్తిరించేసుకున్నాడు," అన్నాడు ఫెర్రాన్. "గిటారిస్టులంతా కుడిచేతి గోళ్ళను బిడ్డల్లా పెంచుకుంటుంటే, మీరేమో ఉత్త వేలికొసలతో మీటారాయె! జనం దానికి మీ బాణీ అని పేరు కూడా పెట్టారు."

"ఆ ఏడాది గోళ్ళు పెంచుకోవడం కుదరలేదు."

"చూడండి, ఎంత వినయమో! మరి గట్టిగా వాయించాల్సిన చోటల్లా గుసగుసలాడారెందుకు?"

"గట్టిగా వాయించే వీలు లేదు."

"వేళ్ళు మీ మాట విన్నాయి గానీ ఊపిరి వినలేదు, దోన్యా. తాళం కంటే ముందు పరిగెడుతోంది. భయపడ్డారా?"

"చాలా."

"పక్కన ఇంకెవరైనా ఉన్నారా ఏమిటి?"

"నేను. గిటారు. తెరిచి పెట్టిన దాని పెట్టె."

"పెట్టె ఊపిరి పీల్చదు కదా! అయితే మీదే." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

"ఉంచెయ్, అబ్బాయ్."

"కంపెనీ వాళ్ళు నా తోలు తీస్తారు. గిటారో, గురకో ఏదో ఒకటే ఉండాలంటారు."

"అయితే గిటారు తీసెయ్."

ఫెర్రాన్ పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతడి నవ్వు మధ్యలోనే వాడిపోయింది.

తీసేయబోయే శబ్దాన్ని విడిగా ఒకసారి వినడం ఆ పనిలో రివాజు. దానితోపాటు సంగీతమేమైనా కొట్టుకుపోతోందేమో చూసుకోవాలి. అతడు హెడ్‌ఫోన్లు ఆమె తలకు మెల్లగా తగిలించాడు.

"పోయేది ఇదొక్కటే. పోతే పోనిద్దురూ!"

తీగలు లేవు. స్వరాలు లేవు. ఊపిరి ఒక్కటే. తేలికగా, తడిగా, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంటూ. ఎంకార్నా కుడిచేతి వేళ్ళు మడుచుకున్నాయి, గోళ్ళు దేనికీ గీసుకోకూడదన్నట్టు.

చివరిదాకా విన్నది. హెడ్‌ఫోన్లు తీసింది.

"సంగీతం మీ కంపెనీ ఉంచుకోనీ. సరేనన్నానని చెప్పు. ఇది నాకివ్వు."

"ఈ చెత్తనా?"

"దాన్నే."

భుజాలెగరేసి, అతడు దాన్నొక డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. తలుపు తీసి పట్టుకుని, గొడుగు ఉందా అని అడిగాడు. ఆమె తల ఊపింది.

ఆనాడు ఆ గిటారు పెట్టెలో ఎర్ర మఖమలు మీద నిద్రపోయి, ఆ చలికాలం దాటని తన పసికూన అల్బా ఊపిరిని చేతిసంచిలో పెట్టుకుని, ఎంకార్నా వానలోకి నడిచింది.