మూడో ప్రకటన

"రెబెకాకూ విజయ్ పాల్‌కూ జరగబోయే వివాహానికి ఇది మూడో ప్రకటన, ఇదే ఆఖరిది. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలి" అన్నారు ఆదివారం చర్చిలో పాస్టర్ మోజెస్. ఎవరూ చెప్పరని తెలుసు కాబట్టి అప్పుడే పాటల పుస్తకం తిరగేస్తున్నారు.

"నాకుంది అయ్యగారూ" అంటూ చంకకర్ర ఊని లేచింది పెండ్లికూతురే.

కోటగిరి-బోధన్ మధ్య ఆటో నడిపే విజయ్ పాల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిలగాడు నచ్చలేదా బిడ్డా?" అన్నారు పాస్టర్.

"గాయన మంచోడే. పెండ్లయితే నా కాలు పింఛను బందైతదని మొన్న మండలాఫీసుల దేవదాస్ అన్న చెప్పిండు. బందు కాదని ఒక్క మాట అనిపియ్యుండ్రి, రేపే చేసుకుంట."

అందరూ ముందు బెంచీ వైపు తిరిగారు. దేవదాస్ సంఘానికి పెద్ద, ఆఫీసులో పింఛన్ల సీటూ ఆయనదే. వాక్యం చెప్పే గొంతూ, అర్జీ తిప్పికొట్టే గొంతూ ఆయనకు ఒకటే. చొక్కా సర్దుకుని నిలబడ్డాడు.

"కొత్తదైనా రూలు రూలే చెల్లె. మొగడున్న ఆడదానికి మొగడే ఆధారం. ఇగ సర్కారెందుకు?"

"మొగోనికి పెండ్లయితే బందైతదా అన్నా?"

"ఎట్లైతది? మొగోడు పెండ్లాం మీద పడి తింటడా?"

"అంటే పుస్తె కట్టంగనే నా కాలొక్కటే బాగైతదా? అయ్యగారు ఇరవై ఏండ్లు ప్రార్థన చేస్తే బాగు కాలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రెబెకాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పింఛను పోతే సబ్బుబిళ్లకు కూడా మొగుడి ముందు చెయ్యి చాపాలి. ఎంత మంచి మొగుడైనా సరే, అలా చాపడం ఆమెకు చావుతో సమానం.

దేవదాస్ తాపీగా నవ్వాడు. "నా ఇల్లు సూడు. నా పెండ్లాం శారమ్మ సుత కుంటుతది. రూలు రాంగనే ముందుగాల ఆమె పింఛనే బందు వెట్టిన. ఇన్నొద్దులల్ల నోరు తెరిచి ఒక్కటన్న అడిగిందా? ఏం తక్కువ చేసిన?"

శారమ్మ ఆడవాళ్ల వైపు చివర్న తల వంచుకుని కూర్చుంది. రెబెకా ఆమెను చూసి, ఏదో అనబోయి, మింగేసి కూర్చుండిపోయింది.

మోజెస్‌కు ప్రాణం లేచొచ్చింది. "సరే, పెండ్లికూతురు కాక ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు, పుస్తకం మళ్లీ తెరుస్తూ.

చివర్న కర్ర టక్కుమంది. శారమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నాకుంది అయ్యగారూ. ఆటో కిరాయికి, మందు గోలీలకు నెలనెలా గీ పిల్ల పింఛను పైసలల్ల నుంచే అడుక్కుంటున్న. గది సుత బందైతే, నేనెవల్ని అడగాలె?"